చెఱువులోని చేపకు కొలత యేల?



చేపలనుగూర్చి మాటాడుమని నన్ను కోరినప్పుడు మొదట నాకు నవ్వు వచ్చినది. నేను పుట్టి పెరిగినది బేస్తవారిపేటలో. మావి మెట్ట పొలములు. సముద్రము చూడవలెనన్న మాకొక పగటి ప్రయాణము. అయినను మా యూరి పేరు క్రొత్తగా వినువారు, “బెస్తవారి పేటయా? అచ్చట జాలరులు హెచ్చుగా నుందురు కాబోలు!” అని యడుగుట కలదు. బేస్తవారమనగా గురువారము. ఒక్క దీర్ఘము జారిపోయిన వారము కాస్తా జాలరి యగుచున్నది. ఈ పొరపాటు నాకెన్నడును కష్టము కలిగింపలేదు. ఏలయన, మా యూరికి సమీపముననే కంభము చెఱువున్నది, ఆ చెఱువును నమ్ముకొని బ్రదుకు బెస్తవారును ఉన్నారు.

కంభము చెఱువును చూడనివారికొఱకు రెండు మాటలు. నల్లమల కొండలలో పుట్టిన గుండ్లకమ్మ యేరు రెండు గుట్టల నడిమి యిరుకు దారిని తూర్పునకు వెడలునట్టి చోట, ఆ గుట్టలను కలుపుచు కట్ట వేసిరి. విజయనగర ప్రభువుల కాలమున వరదరాజమ్మ యను రాణి దీనిని కట్టించినదని ప్రతీతి. కట్ట యెత్తు 57 అడుగులు. మనుష్యుల చేతులతో కట్టిన చెఱువులలో ఇది మిక్కిలి పెద్దవానిలో నొకటి. 2020వ సంవత్సరమున అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు దీనిని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడములలో చేర్చిరి. అందఱును దీనిని చూచి వరి పొలములను తలచుకొందురు. నేను మాత్రము చేపలను తలచుకొందును. అందుకు కారణమొకటి యున్నది.

నాకప్పుడు పది పండ్రెండేండ్ల ప్రాయము. తొలకరి వానలు పడి చెఱువు నీరు అంచులలోని గడ్డిమీదికి ప్రాకుచుండెను. నేనును నా యీడు పిల్లలిద్దఱును గాలములు పట్టుకొని పోయితిమి. తుంగల నడుమ ఒకచోట నీరు ఎఱ్ఱగా కదలుచున్నట్లు కనబడినది. దగ్గరకు పోయి చూడగా, అవి చిటికెన వ్రేలి గోరంత పిల్లలు, వందలకొలది, ఒక్క ముద్దగా కూడి తిరుగుచున్నవి. వాని క్రింద నల్లని నీడ యొకటి. అది కొఱమీను. నేను కప్పపిల్లను ఎరగా గ్రుచ్చి ఆ నీడ ముందర వేసితిని. అది ఆకలిచేత కాదు, కోపముచేత గాలమును కఱచినది. మూరెడు చేప! నేను గర్వముతో దానిని భుజముపై వ్రేలాడదీసికొని కట్టమీదికి రాగా, వల ఆరవేసికొనుచున్న ఒక ముసలి బెస్త తాత దానిని చూచి, “యాడ పట్టినావురా అబ్బీ?” అని యడిగెను. చెప్పితిని. “పిల్లలున్నాయా కింద?” ఉన్నవంటిని. ఆయన ఏమియు ననక, లేచి, నన్ను వెంటబెట్టుకొని ఆ చోటికే తీసికొనిపోయెను. అరగంటయైన గడచియుండదు. పరకలు, మట్టగిడసలు ఆ యెఱ్ఱని ముద్దను నాలుగు వైపులనుండి పొడిచి పొడిచి తినుచుండెను. కొంతసేపటికి నీరు మరల మామూలు రంగునకు వచ్చినది. “అది ఒక్క చాప కాదబ్బీ” అని మాత్రము తాత అనెను. ఆ రాత్రి మా యింట కూర మిక్కిలి రుచిగా నున్నదని అందఱును చెప్పిరి. నాకు రుచించినట్లు జ్ఞాపకము లేదు.

ఏ చేపను ఎంత పొడవున్నప్పుడు పట్టవలెను, ఎప్పుడు విడువవలెను అను ప్రశ్నను నేను పుస్తకములలో కాక మొదట అచ్చట నేర్చుకొంటిని. తరువాత పుస్తకములును చూచితిని. నాకు బోధపడినంత విన్నవించుచున్నాను.

మొదట ఒక చిన్న లెక్క. చేప పొడవు రెట్టింపైన బరువు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లగును. పొడవుతోపాటు వెడల్పును, మందమును పెరుగును గదా! జానెడు కన్న కొంచెము తక్కువగా, 20 సెంటీమీటర్ల పొడవున్న శీలావతి చేప రమారమి 100 గ్రాములు తూగును. అదియే 40 సెంటీమీటర్లయిన ఇంచుమించు 800 గ్రాములు. ఇప్పుడొక వలలో అట్టి చిన్న చేపలు నూఱు పడినవనుకొందము. అమ్మిన 10 కిలోలు. పట్టక విడిచిన, వానిలో నలువది కొంగల పాలో, వాలుగల పాలో, రోగముల పాలో అయిపోయినవనియే అనుకొందము. మిగిలిన అఱువది పెరిగి పెద్దవైన 48 కిలోలు. మఱియు పెద్ద చేపకు కిలో ధరయు హెచ్చు. ఈ లెక్క జాలరికి తెలియదని యెవరైన అనుకొన్న పొరపాటు. ఆయనకు మనకన్న బాగుగ తెలియును. తాను విడిచిన చేపను ప్రక్క పడవవాడు పట్టుకొనునని కూడ ఆయనకు తెలియును. అసలు చిక్కు అక్కడ నున్నది, లెక్కలో లేదు.

అట్లని యెంతకాలము విడిచిన అంత లాభమనియు చెప్పరాదు. వయసు ముదిరిన కొలది పెరుగుదల మందగించును. చచ్చునవి చచ్చుచునే యుండును. ఒకానొక పరిమాణమునకు వచ్చునప్పటికి మంద మొత్తపు బరువు హెచ్చు స్థాయి నందుకొని, అటుపై తగ్గసాగును. ఆ పరిమాణమును ఎఱిగి పట్టుట నేర్పు.

రెండవ నష్టము వేఱు విధమైనది. చేప పెరుగక మునుపు పట్టుట యొకటి, గ్రుడ్లు పెట్టక మునుపు పట్టుట యొకటి. మొదటిదానివలన ఈ యేటి తూకము తగ్గును. రెండవదానివలన రాబోవు సంవత్సరముల వంశమే తగ్గును. అన్ని జాతులకును ఈ రెండు నష్టములు సమానములు కావు. బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు అను మూడు పెద్ద చేపలు సామాన్యముగా నిలుకడ నీటిలో గ్రుడ్లు పెట్టవు. వరద నీరు పారుచుండవలెను. అందుచేత చెఱువులలో వీని పిల్లలను తెచ్చి విడుచుచుందురు. 1957వ సంవత్సరము జూలై 10వ తేదీన ఒరిస్సాలో హీరాలాల్ చౌధురిగారు చేప మెదడు క్రిందనుండు గ్రంథిరసమును సూదిమందుగా నిచ్చి ఈ జాతులచే గ్రుడ్లు పెట్టించినది మొదలు, పిల్లలకొఱకు నదుల వరదలకై కాచుకొను బాధ తగ్గినది. ఆ తేదీని మన దేశమున చేపల పెంపకమువారి దినముగా జరుపుచున్నారు. ఇట్లు విడిచిన చేపల విషయమున కొలతను పాటించుట ముఖ్యముగా తూకముకొఱకు. కొఱమీను సంగతి యట్లు కాదు. అది చెఱువులోనే గూడు కట్టి, గ్రుడ్లు పెట్టి, కాచి, పెంచును. దానిని గ్రుడ్లు పెట్టక మునుపే పట్టుచు పోయిన, మరల తెచ్చి పోయువారు లేనిచోట, చెఱువునుండి అది మాయమగును.

ఇట్లు పిల్లలను కాచు చేపనుగూర్చి లోకమున మిక్కిలి శ్రద్ధతో విచారించినవారు అమెరికావారు. అచ్చటి సరస్సులలో బాస్ అను చేప యున్నది. పెద్ద నోరు, కొఱమీనువలె మాటుగాచి చిన్న చేపలను మ్రింగును. మగ చేప అడుగున తోకతో పల్లము చేసి, ఆడుది గ్రుడ్లు పెట్టి వెడలిన పిమ్మట తానే కావలి కాచును. ఆ కావలి చేపను గాలముతో లాగివేసిన, నేను చిన్ననాడు చూచిన దృశ్యమే అచ్చటను జరుగును. అచ్చట దానిని పట్టువారిలో అనేకులు పొట్టకూటికి కాక వేడుకకు పట్టుదురు. అలబామాలోని ఆబర్న్ విద్యాలయమున హోమర్ స్వింగిల్ అను పండితుడు 1930లు మొదలుకొని చిన్న చెఱువులలో బాస్ చేపయు దాని యాహారమైన చిన్న చేపయు ఏ పాళ్ళలో నుండవలెనో శ్రమపడి కనుగొనెను. వేటచేప తగ్గిన చిన్న చేపలు మితిమీరి పెరిగి, తిండి చాలక అన్నియు మరుగుజ్జులగును. చెఱువు నిండ చేపలే, కాని వండుటకు పనికివచ్చునది యొక్కటియు నుండదు.

అమెరికాలోని రాష్ట్రములవారు చేసిన మొదటి యుపాయము సులభమైనది: ఇంత పొడవునకు లోపల నున్న బాస్ చేపను ఎవరును తీసికొనిపోరాదు, నీటిలో విడువవలెను. దీనిని కనీసపు కొలత యనవచ్చును. టెక్సస్ రాష్ట్రమున సామాన్యముగా ఆ కొలత 14 అంగుళములు. వినుటకు దీనిలో తప్పేమియు కనబడదు. పిల్లలు తక్కువగా పుట్టి, తిండి సమృద్ధిగా నుండి, పట్టువారు మెండైన సరస్సులలో ఇది చక్కగా పనిచేసినది. కాని పిల్లలు విపరీతముగా పుట్టి, తిండి కొఱతగా నున్న సరస్సులలో వింత జరిగినది. 14 అంగుళములు దాటినదానిని దాటినట్లు పట్టివేయుదురు, దాటనివి పోగుపడును. పోగుపడినవన్నియు ఒకే తిండికొఱకు పోరాడుచు 13 అంగుళముల దగ్గఱ ఆగిపోవును. రక్షించుటకు పెట్టిన నియమమే వానిని ఎదుగనీయలేదు. ఒక తరగతిలో పై తరగతికి పోలేక యేండ్ల తరబడి నిలిచిపోయిన బాలురతో గది నిండిపోయినట్లు!

అందుమీద రెండవ యుపాయమును కనిపెట్టిరి. చిన్నవానిని తీసికొనవచ్చును, మిక్కిలి పెద్దవానిని తీసికొనవచ్చును, నడిమివానిని మాత్రము విడువవలెను. టెక్సస్‌లోని ఫోర్క్ అను సరస్సున 16 అంగుళములు మొదలు 24 అంగుళముల వఱకు గల బాస్ చేపలను విడుచు నియమము ప్రసిద్ధము. 24 అంగుళములకు తక్కువ కానిది దినమునకు ఒక్కటియే తీసికొనవచ్చును. చిన్నవానిని ఏరివేయుటచేత మిగిలినవానికి తిండి దొరకును. నడిమివి నిండు ప్రాయపు తల్లులు, తండ్రులు, అవి నిలుచును. ఆ గండమును దాటినది పెద్దదగును. 1986లో ఆ సరస్సుననే 17.67 పౌండ్ల బాస్ చేప దొరకెను. ఇది నియమమువలననే పుట్టినదని నేననను. ఆ సరస్సు నీరు నిలిచి కొన్ని యేండ్లే యైనది, క్రొత్త నీటిలో చేప వేగముగా పెరుగును. కాని అట్టి పేరు పోగొట్టుకొనకుండుటకే ఆ నడిమి కొలతను గట్టిగా పట్టుకొనిరి.

ఇందులో మఱొక చిక్కున్నది. చిన్నవానిని తీసికొనవచ్చునని చెప్పినంతమాత్రమున జనులు తీసికొనవలెను గదా! వేడుకకాండ్రు చిన్నవానిని కూడ జాలిపడి విడిచివేసిన, నడిమి కొలత పెట్టిన ఫలము సున్న. విడుచుట యెల్లప్పుడును పుణ్యము కాదు.

దీనికి మఱింత తలక్రిందులైన యుదాహరణము జపానులోని బీవా సరస్సు. అచ్చట బాస్ పరదేశపు చేప. సరస్సులోని స్వదేశపు చేపలను తినివేయుచున్నది. అందుచేత ఆ ప్రాంతపు ప్రభుత్వమువారు 2003 మొదలు, పట్టిన బాస్ చేపను మరల నీటిలో విడువరాదని శాసించిరి. అదే చేప, ఒకచోట విడువకున్న తప్పు, మఱొకచోట విడిచిన తప్పు.

మన చెఱువులలో బీవా వంటి కథ జిలేబి చేపది. 1952లో మన దేశమునకు తెచ్చిన ఈ ఆఫ్రికా చేప, ఇఱుకైన నీటిలో వ్రేలెడు పొడవున్నప్పుడే గ్రుడ్లు పెట్టుచు చెఱువును నింపివేయును. దీనికి కనీసపు కొలత పెట్టినవాడు చెఱువునకు శత్రువు. చిన్నదైనను పెద్దదైనను దీనిని పట్టుకొనిపోవుటయే మేలు. కొఱమీనునకు దీని పిల్లలు మంచి యాహారము గనుక, కొఱమీను నిలిచిన ఆ పని కొంత దానంతట జరుగును.

ఇక మన దేశపు నియమముల సంగతి. చిన్న చేపలను నాశనము చేయుచున్నారన్న మొఱ క్రొత్తది కాదు. 1873లోనే ఫ్రాన్సిస్ డే అను వైద్యుడు హిందూదేశపు మంచినీటి చేపలనుగూర్చి నివేదిక వ్రాయుచు, వల కన్నులు మఱీ చిన్నవిగా నుండరాదని వాదించెను. 1897లో వచ్చిన చేపల చట్టము నీటిలో మందుగుండు పేల్చి, విషము కలిపి చేపలను చంపుటను నేరము చేసినది. వలల పరిమాణమునుగూర్చి నియమములు చేయు నధికారమును ప్రభుత్వములకిచ్చినది. 1907లో మద్రాసున సర్ ఫ్రెడరిక్ నికల్సన్ పూనికతో చేపల శాఖ యేర్పడినది. మా ప్రాంతము అప్పుడు కర్నూలు జిల్లాలోనిది. 1970లో ప్రకాశము జిల్లా యేర్పడినప్పుడు అందు చేరినది. ఇటీవల కేరళమువారు 2015 మొదలుకొని సముద్రపు చేపలకు జాతివారీగా కనీసపు కొలతలను నిర్ణయించుచు, 58 జాతుల వఱకు తెచ్చిరి. కవ్వల వంటి నూనె చేపకు 10 సెంటీమీటర్లు, కానగంతకు 14 సెంటీమీటర్లు. రేవులో బుట్ట దించినప్పుడే అధికారి కొలచి చూడవచ్చును.

మరి కంభము చెఱువున ఏ పద్ధతి తగును? బాస్ నియమమును ఉన్నదున్నట్లు తెచ్చి బొచ్చెకు, శీలావతికి పెట్టిన అది నవ్వులపాలగును. ఏలయన, అమెరికావాడు గాలముతో పట్టిన చేప బ్రదికియుండును, విడిచిన ఈదిపోవును. మన జాలరి రాత్రి నీటిలో కట్టిన వల తెల్లవాఱి లాగునప్పటికి మొప్పలు చిక్కుకొన్న చేప చాలవఱకు చచ్చియుండును. చచ్చినదానిని కొలచి నీటిలో వేయుమనుట తాబేళ్ళకు విందు చేయుటయే. కాబట్టి వలతో పట్టు చేపకు కొలత చేపమీద పెట్టరాదు, వల కన్నుమీద పెట్టవలెను. కన్ను పెద్దదైన చిన్న చేప దూరి బయటపడును. దాని యొడలి చుట్టుకొలతయే దానికి అనుమతిపత్రము. కన్నును లాగిపట్టి ఒక ముడినుండి ఎదుటి ముడి వఱకు కొలచిన చాలును, వాదమునకు తావుండదు. దోమతెర వంటి గుడ్డ వలతో ఒడ్డు వెంబడి ఈడ్చుట మాత్రము ఏ కొలతకును లొంగదు. అది చెఱువునకు విత్తనపు గింజలను వేయించుకొని తినుట వంటిది.

కొఱమీను విషయమున మాత్రము అమెరికావారి పద్ధతి మనకు అచ్చముగా సరిపోవును. దానిని గాలముతోను, విసరు వలతోను, అడుగంటిన బురదలో చేతితోను పట్టుదురు. అది పైకి వచ్చి గాలి పీల్చుకొను జాతి. తడిగా నుంచిన నీరు లేకయు చాలసేపు బ్రదుకును. కనుక విడిచిన నిలుచును. ఒక యేడు నిండి, జానకు పైబడిన తరువాత అది సామాన్యముగా గ్రుడ్లకు వచ్చును. జానెడునకు లోపలి కొఱమీనును విడువవలెననియు, తొలకరిని ఎఱ్ఱని పిల్లలతో తిరుగు చేప యెంత పెద్దదైనను దాని జోలికి పోరాదనియు నియమమున్న, దానికి అధికారి యక్కఱలేదు. నీటి రంగు చూచిన ప్రతివానికిని తెలియును.

దీనికి ఎదురుగా బెస్తవారు చెప్పు మాట నేను చాలసారులు వింటిని, దానిలో న్యాయమున్నది. “వానలు లేని యేడు చెఱువు అడుగంటును. నేడు విడిచిన చేప రేపు ఎండలో చచ్చును. ఎవరికొఱకు విడువవలెను?” నిజము. నల్లమలపై వాన తప్పిన యేండ్లలో అంత చెఱువును బీటలు వాఱుట మేమెఱుగుదుము. నీరు దిగుచున్న వేసవిలో కొలత పాటింపుమనుట తెలివి కాదు. అప్పుడు చిన్నది పెద్దది అనక పట్టుకొనవలసినదే. కాని కొఱమీను బురదలో కొంతకాలము దాగి బ్రదుకగలదు. లోతైన మడుగొకదానిని ఎవరును ముట్టకుండ వదలిన, మరల నీరు వచ్చునప్పటికి తల్లి చేపలు మిగులును. కఱవు నియమము వేఱు, నిండు చెఱువు నియమము వేఱు. ఏటికేడు నీటి మట్టము చూచి, చేపలు పట్టువారే కూర్చుండి నిర్ణయించుకొనవలసిన విషయమిది. ప్రక్క పడవవాడును ఆ కూటమిలో నున్ననే ఈవలివాడు చేపను విడుచును. ఒక్కనికి మాత్రము ఉపదేశించుట, వాని బుట్ట తీసి పొరుగువానికిచ్చుటయే.

కొలుచు తీరునుగూర్చి ఒక మాట చెప్పి ముగింతును. ముక్కు కొననుండి, తోక రెండు కొనలను దగ్గఱకు చేర్చిపట్టి, ఆ చివర వఱకు కొలువవలెను. పడవ అంచున రెండు గాట్లు పెట్టుకొన్న బద్ద అక్కఱలేదు. చేతులు ముందుగా నీటిలో తడుపుకొనవలెను. పొడి చేయి తగిలిన చేప యొంటిమీది జిగురు ఊడి, అచ్చట పుండు పుట్టును. గాలము గొంతులోనికి దిగిన, పెరుకక దారమును కోయుట మేలు. కొఱమీనును ఎత్తి విసరివేయరాదు. తుంగల దగ్గఱ చేయి నీటిలో ముంచి వ్రేళ్ళు సడలించిన, అదియే పోవును.